దినాలు అయిపోయినంక ఆ తల్లి పక్కన ఎవరు కూసోవాలె?

చెల్లె, నువ్వు రాసింది మొత్తం చదివిన. అచ్చంపేట దగ్గర మీ ఊరు. నాలుగు నెలల కింద శ్రీశైలం రోడ్డు మీద లారీ తగిలి మీ తమ్ముడు పోయిండు. అప్పటిసంది అమ్మ ఎవరితోని సరిగ్గ మాట్లాడ్తలేదు. అదే ఊర్ల ఈ ఏడాదే ఇంకో ఇద్దరు తల్లులకు కడుపుకోత అయ్యింది, అండ్ల ఒక పిల్లగాడు తనంత తానే ప్రాణం తీసుకున్నడు. పొదుపు సంఘం ఆడోళ్లను ఒకకాడ కూసోబెడితె ఏమన్న ఫాయిద ఉంటదా, లేకుంటె మానుతున్న పుండు కెలికినట్టు అయితదా అని అడిగినవ్. పాలమూరు, నల్లగొండ పల్లెలల్ల ఇట్లాంటి కూటాలు ఏండ్ల సంది కూసోబెడుతున్నదాన్ని కాబట్టి వివరంగ చెప్త.

ఫాయిద ఉంటది. కాకపోతె ఆ కూటం దేనికోసమో ముందే తేల్చుకోవాలె. దుఃఖం తగ్గిద్దామని పెడితె రెండో వారానికే అది ఉపదేశాల సభ అయితది, నాలుగో వారానికి ఎవరూ రారు. పోయినోళ్ల పేరు నోరార తీసుకునే జాగ దొరకాలె, సావుతోని ఆగిపోయిన పనులు పది చేతుల మీద నడవాలె. ఈ రెండిటి కోసం పెడితె నిలబడ్తది. కొడుకు పోయిన తల్లి దుఃఖం పోదు, పోవాలని ఆమె కోరుకోదు కూడ. ఆ దుఃఖంతోనే బతుకు నడుపుకునే బలం మాత్రం వస్తది. ఒంటిగ కూసుంటె అది వచ్చుడు కష్టం, అందుకే నలుగురు కావాలె.

మనోళ్లకు ఇది కొత్త కాదు. సావు అయిన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు, పక్కింటోళ్లు అన్నం తెస్తరు. ఆడోళ్లు ఒకర్నొకరు పట్టుకోని శోకాలు తీస్తరు. ఒకామె అందుకోని పోయినోని గుణాలు, చేసిన పనులు, ఇష్టంగ తిన్న తిండి పేరుపేరున తలుస్తది, మిగతావాళ్లు గొంతు కలుపుతరు. మూడొద్దులకు పిట్టకు పెడతరు. దినాలు అయినంక దగ్గరి చుట్టాలు ఆ ఇంటోళ్లను నిద్రకు తోల్కపోతరు, ఆ మనిషి లేని ఇంట్ల ఒక్కసారే కన్ను మూతపడదని పెద్దోళ్లకు తెలుసు. క్రైస్తవుల ఇండ్లల్ల ఆదరణ కూడిక పెట్టి సంఘమంత వచ్చి ప్రార్థన చేస్తరు. మొహర్రం వస్తె పీరీల ముంగట హిందువులు, ముస్లింలు కలిసి కర్బలా దుఃఖాన్ని పాటగ పాడుతరు. ఏడుపును ఇంటి లోపల దాసిపెట్టొద్దని మన పల్లెలకు ఎప్పటిసందో తెలుసు.

కష్టమంత ఆ తర్వాత మొదలైతది. పదకొండోనాడు టెంటు ఇప్పుతరు, చుట్టాలు బస్సెక్కుతరు. ఇగ అక్కడ్నుంచి అందరిదీ ఒకటే మాట: "ఎంత ఏడ్చినా వస్తడా, ధైర్యం తెచ్చుకో." బజార్ల ఎదురైనోళ్లు పోయినోని ముచ్చట రాకుండ మాట మారుస్తరు. బాధ పెట్టొద్దనే అట్ల చేస్తరు, గని తల్లికి అది తన కొడుకును ఊరంత కలిసి మర్సిపోయినట్టు తగులుతది. మీ అమ్మ మాట్లాడకపోవుడుకు ఇది కూడ ఒక కారణం కావొచ్చు. ఆమె మాట్లాడాలనుకున్న ఒక్క ముచ్చటను ఎవరూ ఎత్తుతలేరు. కూటం అవసరం పడేది గీ టైంలనే. మొదటి వారాలల్ల మనిషి మొద్దుబారి ఉంటది, ఏం చెప్పినా ఎక్కదు. నాలుగు నెలలంటె ఆలస్యం కాలేదు, సరైన సమయమే.

నడిపేది ఎవరు అనేది అన్నిటికన్న పెద్ద ప్రశ్న. గ్రామ సంఘం లెక్కలు రాసే వీవోఏ వద్దు, టీచరమ్మ వద్దు, నువ్వు కూడ వద్దు. అట్లాంటి దుఃఖమే కొన్నేండ్ల కింద చూసి, ఇప్పుడు కొంచెం నిలదొక్కుకున్న ఆడమనిషి కావాలె. అమెరికాల బోస్టన్ పట్నంల 1960ల చివర్ల ఫిలిస్ సిల్వర్‌మన్ అనే ఆమె, కొత్తగ మొగడు పోయినామె ఇంటికి డాక్టర్నో నర్సునో పంపకుండ, అంతకుముందు మొగడు పోయిన ఇంకొకామెను పంపే పద్ధతి పెట్టింది. చదువు చెయ్యలేని పనిని ఆ అనుభవం చేసింది. ఎందుకంటె ఆమె గడపల నిలబడంగనే, ఇది దాటి కూడ మనుషులు బతుకుతరని కొత్తామెకు కండ్లతోని కనబడుతది. నోటితోని చెప్తె ఎవరూ నమ్మరు. మీ ఊర్ల అట్లాంటి మనిషి తప్పక ఉంటది. ఎక్కువ మాట్లాడేటామెను తీసుకోకు. ఎవరింట్ల సావైనా చప్పుడు చెయ్యకుండ వెనక దిక్కు నుంచి పోయి బోళ్లు తోమేటామె ఎవరో అడుగు, ఆమెను పట్టుకో.

సంఘం అండ మంచిదే. పదిమంది ఒకకాడ కూసునుడు, వంతులవారీగ మాట్లాడుడు వాళ్లకు అలవాటు. గని పొదుపు మీటింగ్ నాడు మాత్రం పెట్టొద్దు. కిస్తు ముచ్చట ఒక్కసారి మొదలైతె ఇంకే ముచ్చట నిలబడదు. పైగ ఆ తల్లి పేరు మీద బాకీ ఉంటె అక్కడ తల ఎత్తదు. వేరే రోజు, రెండు వారాలకొకసారి, గంటన్నర. ఆరుగురి నుంచి ఎనిమిది మంది చాలు. పది దాటితె ఆఖరామెకు వంతు రాకముందే పొద్దు గూకుతది.

జాగ దగ్గర జాగ్రత్త పడాలె, కులం పట్టింపు అక్కడ్నే మొదలైతది. గుడి ముంగట పెడితె కొందరు రారు, ఒకరి ఇంటి అరుగు మీద పెడితె ఇంకొందరు రారు. బడి వరండా, అంగన్‌వాడీ, గ్రామ సంఘం బిల్డింగ్, వీటిల్ల ఏదన్న ఒకటి చూడు. కూసుంటె అందరు కిందనే, మోకాళ్ల నొప్పులున్నామెకు కుర్చీ వేస్తె అందరికీ కుర్చీలే. ఇంకోటి మాత్రం అస్సలు మర్వకు: వచ్చినోళ్లకు బొట్టు పెట్టుడు, పసుపు ఇచ్చుడు ఉండొద్దు. మనకు అలవాటుగ చెయ్యి పోతది. మొగడు పోయినామె కాడికి వచ్చేసరికి ఆ చెయ్యి ఆగుతది. ఆమె ఇగ మళ్ల రాదు. ముస్లిం ఇంట్ల మొగడు పోయినామె ఉంటె ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు బయటికి రాదు, కూటంల నుంచి ఇద్దరు ఆడోళ్లే ఆమె ఇంటికి పోవాలె.

మొదటి రోజు ఎక్కువ పెట్టుకోవద్దు. ఉత్తర అమెరికా ఆదివాసుల కూటాలల్ల ఒక వస్తువు చేతులు మారుతుంటది, అది ఎవరి చేతిల ఉంటె వాళ్లే మాట్లాడుతరు, మిగతావాళ్లు ఇంటరు. మేము చిన్న ఇత్తడి చెంబు పెడుతం. చెంబు చేతికొచ్చినామె మూడే సంగతులు చెప్తది: తన పేరు, పోయినోళ్ల పేరు, ఇంట్ల వాళ్లను ఏమని పిలిచేది. "పెద్దోడా అనేదాన్ని" అంటది ఒకామె. "చిన్నీ అంటుంటి" అంటది ఇంకొకామె. ఆ పిలుపు నోట్లకెళ్లి రాంగనే ఏడుపు వస్తది. రానియ్యాలె. పక్కనున్నామె ఉరికొచ్చి కండ్లు తుడవొద్దు, నీళ్లు తాగిపియ్యొద్దు. అప్పుడే తుడిస్తె "ఇగ చాలు" అన్నట్టే. మాట్లాడబుద్ధి కాకుంటె చెంబును ఊకె పక్కామెకు ఇయ్యొచ్చు. సగం మంది అట్లనే దాటించినా ఆనాటి కూటం మంచిగ జరిగినట్టే లెక్క.

రెండో సుట్టుల ఈ రెండు వారాలు తిండి, నిద్ర ఎట్లున్నయో చెప్పుకోవాలె. మూడో సుట్టుల ఏ పని ఆగిందో చెప్పుకోవాలె. మొదటి రెండు సుట్లల్ల ఎవరి మాటకూ ఎవరూ జవాబు చెప్పొద్దు. ఇది పాటిచ్చుడు మస్తు కష్టం, ఓదార్చకుంటె తప్పు చేసినట్టు అనిపిస్తది మనకు. "రాసిపెట్టి ఉన్నది", "నీకింకో బిడ్డ ఉన్నది గద", "మా అక్క కొడుకైతె ఇంతకన్న ఘోరంగ పోయిండు", ఈ మాటలు వద్దని ముందే చెప్పాలె. ఏమన్న అనాలనే ఉంటె "చెప్పు, ఇంటున్న" అంటె సరిపోతది. ఇక్కడి మాట ఇక్కడ్నే ఉండాలె అని అందరు ఒట్టేస్తరు గని, పల్లెల ఆ ఒట్టు నిలబడుతదని నేను భరోసా ఇయ్య. అందుకే భూమి పంపకాలు, ఇంటి గుట్లు, కోడలి మీద ఫిర్యాదులు కూటంలకు తేవొద్దని మొదటి రోజే చెప్పుకుంటం.

చేతులకు పని ఉంటె నోరు తొందరగ తెరుచుకుంటది. మీ దిక్కు పల్లి పంట ఎక్కువ గద, విత్తనానికి కాయలు ఒలిచే రోజులల్ల ఒక గంప మధ్యల పెట్టండ్రి. దేవరకొండ దిక్కు ఒక తల్లి ఎన్నో కూటాలకు వచ్చి కాయలు ఒలిచి పోయేది, ఒక్క మాట అనకపోయేది. "ఈమెకు ఏం ఫాయిద లేదు, ఊకె వస్తున్నది" అని మిగతావాళ్లు నాతోని అన్నరు. ఒకనాడు గంపలకెళ్లి గుప్పెడు కాయలు తీసుకోని "మా పిల్లకు ఉడకబెట్టిన కాయలంటె పానం" అన్నది. ఇగ ఆనాడు పొద్దు గూకినా లేవలే. జింబాబ్వే దేశంల డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006ల అవ్వలకు శిక్షణ ఇచ్చి బెంచీల మీద కూసోబెట్టిండు. మనసు బాగలేనోళ్లు వచ్చి వాళ్లతోని చెప్పుకుంటరు, తర్వాత గుంపులుగ చేరి సంచులు అల్లుకుంట మాట్లాడుకుంటరు. వాళ్ల సంచులదీ మన పల్లికాయలదీ పని ఒకటే, చూపు కిందికి ఉంటది కాబట్టి మాట పైకి వస్తది.

ఇగ నీ భయం సంగతి. పేరు ఎత్తితె ఆ పూట బాధ పెరుగుతది, నిజమే. కూటం నుంచి పోయిన రాత్రి అమ్మ ఎక్కువ ఏడ్వొచ్చు. దానికి భయపడకు. నెదర్లాండ్స్‌ల పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999ల ఒక సంగతి రాసిన్రు, అది నాకు మన ఊర్లల్ల రోజూ కనిపిస్తది. దుఃఖంల ఉన్న మనిషి రెండు దిక్కులకు తిరుగుతుంటది. ఒక గడియ పోయినోళ్ల యాదిల ఉంటది, ఇంకో గడియ బర్రెకు నీళ్లు, కరెంటు బిల్లు, పత్తి ఏరుడు. రెండూ కావాలె. పొద్దంత యాదిలనే ఉన్నా, యాది రానియ్యకుండ పనిల పడి తిరిగినా మనిషి అలిసిపోతది. కూటంల మొదటి సుట్టు యాదికి, ఆఖరి సుట్టు పనికి పెట్టింది అందుకే. నిన్న ఏడ్చినామె ఇయ్యాల నవ్వితె "అప్పుడే మర్సిపోయింది" అని చెవులు కొరుక్కునుడు బందు కావాలె. దుఃఖానికి ఐదు దశలు అని ఫోన్లల్ల తిరుగుతుంటది గద, ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969ల అవి రాసింది సావుకు దగ్గరైన రోగులను చూసి. ఆ లెక్క మీ అమ్మకు కట్టొద్దు.

పనుల సుట్టును చిన్నగ చూడొద్దు. మీ తమ్మునిది లారీ తగిలిన కేసు కాబట్టి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ల పరిహారానికి దరఖాస్తు పెట్టొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి దానికి ప్రమాదం జరిగిన 6 నెలల గడువు పెట్టిన్రు. మీకు నాలుగు నెలలు అయిపోయినయ్. ఈ వారమే వకీలును కలువుండ్రి, ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు తీసిపెట్టుకోండ్రి. కొడుకు పోస్టుమార్టం కాయితం కోసం తల్లిదండ్రులు ఒంటిగ తిరుగుడు మస్తు నరకం, కూటంల నుంచి ఒకరిద్దరు తోడు పోవాలె. రైతు పోయిన ఇల్లైతె 2018 నుంచి రైతుబీమా ఉన్నది, పట్టాదారు పాస్‌బుక్ ఉన్న రైతు 18 నుంచి 59 ఏండ్ల మధ్యల పోతె నామినీకి 5 లక్షలు. సావు నమోదు 21 రోజుల లోపల చేపిస్తె ఫీజు లేదు. ఇవన్నీ తెలిసిన మనిషి ప్రతి కూటంల ఒకరుండాలె. ఒకామె పని అయితె, తర్వాత ఆమే ఇంకొకామెను ఆఫీసుకు తోల్కపోతది. నా అనుభవంల ఆడోళ్లకు బలం వచ్చింది ఎక్కువ గీడ్నే. ఇంకొకరి కాయితం పట్టుకోని మండలాఫీసుల నిలబడ్డనాడు.

తనంత తాను పోయిన పిల్లగాని తల్లి గురించి వేరుగ చెప్పాలె. అట్లాంటి ఇంటికి ఊరు పల్కరియ్య రాదు, తీర్పు చెప్ప వస్తది. అప్పులా, పిల్ల ముచ్చటనా, ఇంట్ల కొట్లాటనా అని. తల్లి మాత్రం తప్పంత తన మీదనే వేసుకుంటది. ఆమెను మిగతా తల్లుల పక్కనే కూసోబెట్టండ్రి, వేరు చెయ్యొద్దు. ఎట్ల పోయిండు, ఎవరు మొదలు చూసిన్రు అని కూటంల అడగొద్దు. వాడు బతికుండంగ ఎట్లాంటోడో అడగండ్రి, ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఉండరు. ఆ ఇంట్లోళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలె. "నీకు సచ్చిపోవాలనిపిస్తున్నదా" అని సూటిగ అడిగితె లేని ఆలోచన పుట్టిచ్చినట్టు అయితదని జనం భయపడతరు. అట్ల కాదు, అడిగితెనే మనిషి చెప్పుకుంటది. అవునన్నదంటె ఒంటిగ విడవొద్దు, ఇంట్ల పురుగుల మందు డబ్బాలు తీసెయ్యాలె, 14416కు ఫోన్ చెయ్యాలె. అది టెలీ మానస్, మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ సాయం, 2022 అక్టోబర్‌ల మొదలైంది. పైసలు పడవు, రాత్రి పగలు ఉంటరు, తెలుగుల మాట్లాడుతరు.

మీ అమ్మకు నాలుగు నెలలకు మాట తగ్గుడు రోగం కాదు. తలుపు చప్పుడైతె కొడుకే వచ్చిండనుకునుడు, గొంతు ఇనబడ్డట్టు ఉండుడు కూడ పిచ్చి కాదు. చానామందికి అయితది, ఎవరికీ చెప్పుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 6 నెలలు దాటినా దుఃఖం కొంచెం కూడ సడలకుండ, రోజువారీ బతుకే నడవకుండ చేస్తె అప్పుడు వైద్యం సంగతి చూడాలె. అయితె తిండి బందై మనిషి చిక్కిపోతున్నా, రాత్రులు అసలు నిద్ర లేకున్నా, "నేను గూడ వాని దగ్గరికే పోత" అన్నా నెలలు లెక్కపెట్టుకుంట కూసోవద్దు. మహబూబ్‌నగర్ జనరల్ ఆస్పత్రిల మానసిక వైద్య విభాగం ఉన్నది, తోల్కపోండ్రి. బీపీ, షుగర్ గోళీలు ఏసుకుంటున్నదో లేదో కూడ చూడు, దుఃఖంల మొదలు బందయ్యేటివి అవే.

నాయిన గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు. మొగోళ్లు గుండ్రంగ కూసోని చెంబు పట్టుకునుడు మన దిక్కు అయ్యే పని కాదు. ఎదురెదురు కూసుంటె వాళ్లు మాట్లాడరు, పక్కపక్కన నడిస్తె మాట్లాడుతరు. మోటరు కాడికో, అంగడికో రోజూ తోడు పోయే దోస్తు ఒకరు చాలు. సాయంత్రాలు కల్లు దుకాణం కాడ గడిచేది పెరుగుతుందా అనేది కనిపెట్టు. ఇంట్ల చిన్నపిల్లలు ఉంటె "మామ ఊరికి పోయిండు" అని చెప్పొద్దు, పోయిండని, మళ్ల రాడని వాళ్లకు అర్థమయ్యే మాటలల్ల చెప్పాలె. బొంబాయి, పూనా బతకవోయి కడసారి చూపుకు అందని తోబుట్టువులు పాలమూరుల ఇంటింటికి ఉంటరు. వాళ్లను ఫోన్ల కలుపుకుంటె ఒక సుట్టు వాళ్లూ చెప్పుకుంటరు.

పెత్రమాస గురించి ముందే అనుకోండ్రి. ఆనాడు పొద్దుగాల పోయినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తం, అదేనాడు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలైతది. ఏడాది తిరగని ఇంటోళ్లు ఆడరు, లోపల తలుపేసుకోని పాట ఇంటుంటరు. కూటం రోజు కాకున్నా ఆ మధ్యాహ్నం తప్పక కూసోండ్రి. ఆ తొమ్మిది దినాలు రోజుకొకరు ఆటకెళ్లి వచ్చి ఆ తల్లి కాడ కొంచెం సేపు ఉండేటట్టు వంతులు వేసుకోండ్రి.

అమ్మ రానంటె బలవంతం వద్దు. ముందు ఆ ఇద్దరు తల్లులను కలువు, వాళ్లనే మీ ఇంటికి పోనియ్యి. "మా కూటంకు రా" అంటె రాదు, "కాయలు ఒలిచేటందుకు చెయ్యి కావాలె" అంటె రావొచ్చు. అది అబద్ధం కూడ కాదు. మొదటి కూటానికి నువ్వు కూడ హైదరాబాద్ నుంచి రా. అమ్మను చూసుకునేటందుకు కాదు, పోయింది నీ తమ్ముడు కూడ. చెంబు నీ చేతికొచ్చినప్పుడు వాణ్ణి ఏమని పిలిచేదానివో చెప్పు. మళ్ల పట్నం పోయినంక వారానికొకసారి ఆ ఇద్దరు తల్లులల్ల ఒకరికి ఫోన్ చెయ్యి. మీ అమ్మ ఎట్లున్నదని అడగకు, ఆమె ఎట్లున్నదో అడుగు.